క్రాసింగ్ రోజుల్లో ఖాళీ కడుపుతో చేనుకు పోవద్దు: ముందే చేసి పెట్టుకునే సద్ది

నడిగడ్డలో సీడ్ పత్తి వేసిన ఇంట్లో ఆగస్టు వచ్చిందంటే రోజు తీరే మారిపోతుంది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా, మరుసటి రోజు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, రేకులూ పుప్పొడి తిత్తులూ వలిచెయ్యాలి. తెల్లారి మంచు ఆరగానే మగ పువ్వులు కోసుకొచ్చి, నిన్న వలిచిన ప్రతి ఆడ పువ్వుకూ పుప్పొడి రుద్దాలి. ఈ పని మధ్యాహ్నంలోపే ముగియాలి, ఆలస్యమైతే కాయ నిలవదు. ఇలా సుమారు రెండు నెలలు. పువ్వుకు ఆదివారం లేదు, పండుగ లేదు. ఇంటిల్లిపాదీ చేనులోనే ఉంటారు. పెట్టుబడి అప్పు, కూలీల కొరత, విత్తనం పరీక్షలో పాసవుతుందో లేదో అన్న బెంగ, అన్నీ ఈ రెండు నెలల్లోనే నెత్తిన ఉంటాయి.

అదే సమయంలో వనపర్తి ఆయకట్టులో నాట్లు, కలుపులు నడుస్తుంటాయి. నాగర్‌కర్నూల్ వైపు అక్టోబరు నుంచి పత్తి తీత మొదలవుతుంది. 2016 అక్టోబరు 11 దాకా ఈ మూడూ ఒకే పాలమూరు జిల్లా. బోర్డులు మారాయి కానీ పొద్దున పూట ఇంటి తీరు మారలేదు. చాయ్ తాగి, ఉంటే రెండు బిస్కెట్లు తిని చేనుకు పోవడం, మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదటి బుక్క తినడం. రాత్రి ఎనిమిదిన్నరకు తిన్న మనిషి మళ్లీ తినేసరికి పదహారు గంటలు గడుస్తున్నాయి.

నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఎరువు మోతాదు, మందు మోతాదు చెప్పడమే నా పని అనుకున్నాను. కొన్నేళ్ల కిందట అలంపూర్ వైపు ఒక సీడ్ ప్లాటులో, పొద్దున పదిన్నర ప్రాంతంలో, పువ్వులు రుద్దుతున్న ఒక ఆడమనిషి సాళ్ల మధ్య కూలబడిపోయింది. ముందు రోజు పక్క చేనులో మందు కొట్టారు కాబట్టి అందరం మందు ప్రభావమే అనుకున్నాం. ఆటోలో దవాఖానకు తీసుకుపోతే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "పొద్దున ఏం తిన్నది?" అని. వెంట వచ్చిన అత్త "చాయ్ తాగింది సారూ" అన్నది. పరీక్ష చేస్తే రక్తం కూడా తక్కువే ఉంది. ఆ చేనుకు అంతకుముందు నేను రెండుసార్లు పోయాను. ఆకులు తిప్పి చూశాను, దోమ, తామర పురుగులు లెక్కపెట్టాను. ఆ సాళ్లలో పని చేసేవాళ్లు తిన్నారో లేదో ఒక్కసారీ అడగలేదు. అప్పటి నుంచి రైతు వేదికలో ఏ సమావేశం జరిగినా మందుల మాటతో పాటు పొద్దున తిండి మాట కూడా చెబుతున్నాను. ఈ వ్యాసం అదే.

రక్తం తక్కువ అన్నది ఆ ఒక్కరి సంగతి కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. క్రాసింగ్ పనిలో ఎక్కువ మంది ఈ వయసు వాళ్లే.

సద్ది కట్టడం మనకు కొత్త కాదు

పొద్దున తినమంటే వచ్చే మొదటి జవాబు "వండే టైం ఎక్కడిది సార్?" అని. నిజమే. నాలుగున్నరకు లేచి, నీళ్లు పట్టి, పశువులు చూసి, పిల్లలను బడికి తయారు చేసి, ఏడింటికి చేనులో ఉండాల్సిన మనిషిని ఉప్మా చెయ్యమనడం సలహా కాదు. అందుకే పొద్దున వండకూడదు. ముందే చేసి ఉండాలి.

పాలమూరు నుంచి పట్నానికి, బొంబాయికి, ఇంకా దూరం ప్రాజెక్టుల పనికి వలస పోయిన మన పెద్దవాళ్లు మూటలో ఎండు జొన్న రొట్టెలు, పల్లీల కారం కట్టుకొని పోయేవాళ్లు. దారిలో పొయ్యి లేకున్నా కడుపు నిండేది. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు కుండలో అంబలి, చద్దన్నం. బియ్యం చౌకగా ఇంటికి రావడం, జొన్న చేన్లు పోయి పత్తి రావడం, పాడి తగ్గడం, ఈ మూడింటితో ఆ అలవాటు పోయింది. దాన్నే మళ్లీ తెచ్చుకుందాం అంటున్నాను. బయట నుంచి కొనేది పెద్దగా ఏమీ లేదు.

ఇక్కడ చెప్పేవన్నీ గింజ, పప్పు, నూనెగింజలతో చేసేవే. కారణం ఒక్కటే: ఇవి మన చేన్లలో పండుతాయి, ఫ్రిజ్ లేకుండా నిలుస్తాయి. గుడ్డు తినేవాళ్లు మానాల్సిన పని లేదు, మధ్యాహ్నమో రాత్రో తినండి. పాలు, పెరుగు, గుడ్డు, మాంసం ఏదీ ముట్టని వాళ్లకు బి12 విటమిన్ అందదు, అలాంటివాళ్లు దవాఖానలో అడిగి గోళీలు వేసుకోవాలి.

తొలి ఏకాదశి రోజే మొదలుపెట్టండి

తొలి ఏకాదశికి మన ఇళ్లలో జొన్న పేలాలు వేయించి, బెల్లం కలిపి పేలాల పిండి చేస్తాం. అది ఆషాఢంలో, అంటే క్రాసింగ్‌కు కొన్ని వారాల ముందు వస్తుంది. ఎలాగూ పొయ్యి మీద మూకుడు పెడుతున్నాం కాబట్టి అదే రోజు సత్తుపిండి కూడా చేసి పెట్టుకోండి. బతుకమ్మకు చేసే సత్తే, కాకపోతే రోజూ తినడానికి కొలత కొంచెం మార్చాను.

జొన్నలు ఒక కిలో, పుట్నాలు పావు కిలో, పల్లీలు పావు కిలో, నువ్వులు వంద గ్రాములు. జొన్నలను కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, సన్నని మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. జొన్నలకు బదులు మక్కలు వాడొచ్చు, లేదా సగం సగం కలపొచ్చు. పల్లీలు, నువ్వులు విడివిడిగా వేయించాలి, నువ్వులు చిటపటమనగానే దించాలి, మాడితే చేదు. జొన్నలు, పుట్నాలు గిర్నికి ఇచ్చి పట్టించుకోవచ్చు. పల్లీలు, నువ్వులు మాత్రం గిర్నికి ఇవ్వకండి, రాయికి నూనె పట్టుకుంటుంది. ఇంట్లోనే దంచుకోవాలి లేదా మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు అన్నీ ఒకేసారి కలిపి డబ్బాలో పోయడం. పల్లీ, నువ్వుల పొడి కలిసిన పిండి వానాకాలం తేమకు రెండు, మూడు వారాల్లో మక్కు వాసన పడుతుంది. జొన్న–పుట్నాల పిండి నెలకు పైగా నిలుస్తుంది. కాబట్టి ఆ పిండి ఒక డబ్బాలో, వేయించిన పల్లీలు, నువ్వులు పొడి చేయకుండా ఇంకో డబ్బాలో ఉంచి, పది రోజులకు సరిపడా మాత్రమే కలుపుకోండి. తడి చెంచా డబ్బాలో పెట్టొద్దు.

పెద్ద మనిషికి పూటకు 80 గ్రాములు, అంటే సుమారు నాలుగు నిండు గరిటెల పిండి. కాచి చల్లార్చిన నీళ్లలో బెల్లం కరిగించి ముద్దగా కలుపుకోవచ్చు. తీపి వద్దనుకుంటే ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, నిమ్మరసం వేసి జావలా తాగొచ్చు. ఇందులో 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు, బెల్లం కాకుండానే దాదాపు 300 కేలరీల శక్తి ఉంటుంది. రెండు బిస్కెట్లు, చాయ్‌తో పోల్చి చూసుకోండి. కలపడానికి పట్టేది రెండు నిమిషాలు. చేను గట్టు మీద కూడా కలుపుకోవచ్చు.

అంబలి: పొద్దున నానబెట్టి, రాత్రి కాచి, మళ్లీ పొద్దున తాగేది

అంబలి చేయడం తెలియని ఇల్లు ఇక్కడ లేదు, కానీ సీడ్ పత్తి ఇంటి సమయానికి దాన్ని కొంచెం సర్దుకోవాలి. మామూలుగా రాత్రి పిండి నానబెట్టి పొద్దున కాస్తారు. పొద్దున పొయ్యి దగ్గర నిలబడే వీలు లేనప్పుడు ఆ వరుసను తిప్పేయండి. చేనుకు బయలుదేరే ముందు పావు కిలో తైద పిండిని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మట్టి కుండలో మూత పెట్టి పోవాలి. సాయంత్రానికి పిండి పులుస్తుంది. రాత్రి అన్నం దించిన పొయ్యి మీదే నీళ్లు మరిగించి, వంద గ్రాముల జొన్న రవ్వ లేదా నూకలు మెత్తగా ఉడికించి, పులిసిన పిండి పోసి, అడుగంటకుండా కలుపుతూ పదిహేను నిమిషాలు కాయాలి. చల్లారాక మూత పెట్టి ఉంచితే తెల్లారేసరికి చిక్కబడుతుంది. కాచి చల్లార్చిన నీళ్లు, ఉప్పు, ఉల్లిగడ్డ వేసి పలుచన చేస్తే నలుగురికి తలా రెండు గ్లాసులు వస్తుంది.

మజ్జిగ లేకుండా అంబలేంటి అని అడుగుతారు. బర్రెలు ఉన్న ఇంట్లో పోసుకోండి, ఎవరు వద్దన్నారు. కానీ నేను తిరిగే ఊళ్లలో పాడి లేని ఇళ్లే ఎక్కువ, మజ్జిగ లేదని అంబలే మానేశారు. పిండి బాగా పులిస్తే ఆ పులుపే చాలు, పైన నిమ్మకాయ పిండుకుంటే ఇంకా మంచిది.

తైదల్లో సున్నం ఎక్కువ. వంద గ్రాముల్లో 360 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఏ ఇతర ధాన్యంలోనూ అంత లేదు. పైన చెప్పిన కొలతలో ఒక్కొక్కరికి రోజుకు కావాల్సిన దాంట్లో నాలుగో వంతుకు కొంచెం తక్కువ అందుతుంది. నడుములు వంచి గంటల తరబడి పని చేసే ఆడవాళ్లకు ఇది అవసరం. పిండి పులియబెట్టడం వల్ల గింజలోని ఇనుము, జింకు కూడా ఒంటికి బాగా పడతాయి.

అయితే అంబలి ఒక్కటే తాగిపోతే పదింటికి మళ్లీ ఆకలవుతుంది. అందులో మాంసకృత్తులు తక్కువ. వెంట ఒక పిడికెడు వేయించిన పల్లీలో, గుడాలో ఉండాలి.

గుడాలు

బొబ్బర్లు, శనగలు, పెసలు, ఉలవలు, అనుములు, ఏవి ఉంటే అవి. ఉండవెల్లి, మానోపాడు వైపు నల్లరేగళ్లలో శనగ పండుతుంది కదా, అమ్మగా మిగిలిన చిన్న గింజ దీనికి బాగా పనికొస్తుంది. పొద్దున నానబెట్టి, రాత్రి కుక్కర్‌లో ఉడికించండి. వానాకాలం ఉక్కకు ఉడికిన గుడాలు తొందరగా జిగురు పడతాయి. కాబట్టి నీళ్లు పూర్తిగా వంపేసి, వెడల్పాటి పళ్లెంలో ఆరనిచ్చి, పలుచని బట్ట కప్పి ఉంచాలి. పొద్దున రెండు నిమిషాలు మూకుట్లో తిప్పి ఉప్పు, కారం, నిమ్మరసం చల్లుకోవాలి. జిగురుగా ఉంటే, వాసన మారితే కోళ్లకు వేయండి, మీరు తినకండి. మొలకలు కట్టేవాళ్లు ఈ కాలంలో పచ్చివి తినకుండా ఐదు నిమిషాలు ఆవిరి పట్టించుకోవడం మంచిది, బోరు నీళ్లు, చెరువు నీళ్లు వానలకు ఎలా ఉంటాయో మీకు తెలుసు.

ఎండు రొట్టె

వారానికి ఒకసారి చేసుకుంటే సరిపోయేది ఇదే. మరిగే నీళ్లతో జొన్నపిండి కలిపి, బాగా పిసికి, వీలైనంత పలుచగా కొట్టి, పెనం మీద రెండు వైపులా కాల్చాలి. మామూలు రొట్టె అయితే అక్కడ ఆపుతాం. ఎండు రొట్టెకు ఆ తర్వాత నిప్పుల సెగ దగ్గర నిలబెట్టి, అప్పడంలా విరిగేదాకా తేమ పోగొట్టాలి. రాయచూరు వైపు బంధుత్వాలు ఉన్న ఇళ్లలో ఇది చేసే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల దగ్గర ఒకసారి చూసి నేర్చుకోవడం నా రాతకన్నా మేలు. పూర్తిగా ఎండితే వానాకాలంలో కూడా వారం ఆగుతుంది. మధ్యలో మెత్తబడితే మళ్లీ పెనం మీద వేడి చేసుకోవాలి. బూజు చుక్క కనబడితే ఆ రొట్టె మొత్తం పారేయాలి, చుక్క గిల్లేసి తినొద్దు.

తినేటప్పుడు నీళ్లు చల్లి మెత్తబరచుకోవచ్చు, రాత్రి పప్పులో విరిచి నానబెట్టుకోవచ్చు. పైన పల్లీల కారం లేదా నువ్వుల పొడి. నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు పైనే సున్నం ఉంటుంది. పుంటికూర తొక్కు కూడా పది రోజులు నిలుస్తుంది. బీపీ ఉన్నవాళ్లు మాత్రం తొక్కులో, కారప్పొడిలో ఉప్పు సగం తగ్గించుకోవాలి.

సద్దలు పండించేవాళ్లు రొట్టెను సద్దపిండితో చేసుకుంటే ఇంకా మంచిది, వాటిలో ఇనుము జొన్నలకన్నా ఎక్కువ. కానీ సద్దపిండి వారం దాటితే చేదెక్కుతుంది, కొంచెం కొంచెంగా పట్టించుకోవాలి. కొర్రలు, సామలు గొప్పవని అందరూ చెబుతున్నారు, 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాక మరీ. తినగలిగితే తినండి. నా వరకు, క్రాసింగ్ నడిచే ఇంటికి వాటిని సిఫారసు చేయను. పొట్టు తీయించడానికి మిషన్ ఉన్న ఊరు వెతుక్కోవాలి. జొన్న, సద్ద, తైదలకు ఆ బాధ లేదు, కడిగి ఎండబెట్టి గిర్నికి ఇస్తే చాలు.

చద్దన్నం గురించి అడిగేవాళ్లకు ఒక మాట. రాత్రి మిగిలిన అన్నాన్ని గంటల తరబడి గిన్నెలో వదిలేసి, పడుకునే ముందు నీళ్లు పోస్తే అప్పటికే దానిలో చెడు చేసే సూక్ష్మజీవులు పెరిగి ఉండొచ్చు. మళ్లీ వేడి చేసినా అవి వదిలిన విషం పోదు. తిన్న వెంటనే, చల్లారిన అన్నంలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి, పొద్దున ఎనిమిదిలోపు తినేయాలి. డబ్బాలో చేనుకు తీసుకుపోయి ఎండలో పెట్టి పదకొండింటికి తినడానికి అది పనికిరాదు.

చాయ్ మానమని చెప్పను. సద్ది తిన్న గంట తర్వాత తాగండి. తిండితో పాటు చాయ్ తాగితే గింజల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ దానికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది, ఇనుము పట్టేలా చేస్తుంది.

షుగర్ గోళీ వేసుకొని తినకుండా పోయేవాళ్లకు

ఇది ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. నలభై దాటిన రైతుల్లో షుగర్ గోళీలు వేసుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పొద్దున గోళీ వేసుకొని, చాయ్ తాగి, చేనులో నాలుగు గంటలు కష్టం చేస్తే, కొన్ని రకాల గోళీలకు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఇంకా ప్రమాదం. చెమటలు, చేతుల వణుకు, కళ్లు తిరగడం, మాట తడబడటం దీని గుర్తులు. వెంటనే బెల్లం గడ్డ నోట్లో వేసుకోవాలి లేదా చక్కెర నీళ్లు తాగాలి, ఆ తర్వాత తిండి తినాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, 108కు ఫోన్ చేయాలి. ఇలాంటివాళ్లు జేబులో చిన్న బెల్లం గడ్డ, చేను దగ్గర గుడాల డబ్బా లేకుండా పోవద్దు. సత్తులో బెల్లం వేసుకోకుండా ఉప్పుతో తాగాలి. పండుగలు, పనుల వల్ల తినే వేళ మారితే గోళీ వేళ ఎలా మార్చాలో డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి.

మందు ఉన్నచోట తిండి

సీడ్ పత్తిలో పిచికారీలు మామూలు పత్తికన్నా ఎక్కువ. ఖాళీ కడుపుతో మందు కొట్టకూడదు. కొట్టేటప్పుడు తినకూడదు, తాగకూడదు, బీడీ కూడా వద్దు. మీకు ఇవి తెలిసినవే. చేనుల్లో నేను చూసిన, ఎవరూ పెద్దగా పట్టించుకోని మూడు సంగతులు చెబుతాను.

సద్ది డబ్బా మోటారు గదిలో పెడతారు, ఎండ తగలదని. మందు డబ్బాలు కూడా అక్కడే ఉంటాయి. డబ్బాను చెట్టుకు వేలాడదీయండి. పువ్వులు రుద్దిన చేతులకు ముందు రోజు మందు అవశేషం ఉంటుంది, ఒట్టి నీళ్లతో కడిగితే పోదు. సద్ది సంచిలో సబ్బు ముక్క కూడా ఉండాలి.

రెండోది గంగవాయిలి కూర, తోటకూర. పత్తి సాళ్లలో కలుపు తీస్తూ లేత ఆకు కనబడితే కొంగులో వేసుకొని ఇంటికి తెచ్చి పప్పులో వేస్తారు. ఆ ఆకు మీద పడింది కూడా పత్తి మీద పడిన మందే. పురుగు మందు, కలుపు మందు కొట్టిన చేనులో కూర తెంపొద్దు. పెరట్లో నాలుగు మడుల కూర వేసుకోండి.

మూడోది మందు పట్టించిన విత్తనం. ఎరుపు, నీలం రంగు పూసిన మక్క, జొన్న, పల్లి విత్తనం విత్తగా మిగిలితే కడిగి ఎండబెట్టి సత్తులోకి, కారంలోకి వాడిన ఇళ్లు చూశాను. కడిగితే రంగు పోతుంది, మందు పోదు. వేయించినా పోదు. కోళ్లకు, పశువులకు కూడా వేయకుండా గుంత తీసి పూడ్చాలి.

ఏ పల్లీలు తింటున్నాం?

వనపర్తి, నాగర్‌కర్నూల్ రైతులు యాసంగి పల్లి బాగా పండిస్తారు. నిండు గింజ మార్కెట్‌కు పోతుంది, మంచి కాయ విత్తనానికి ఆగుతుంది, ముడుచుకుపోయింది, పగిలింది, మచ్చ పడింది ఇంట్లో కారానికి మిగులుతుంది. ఈ మిగిలిన దానిలోనే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఎక్కువగా ఉంటుంది. పంట చివర్లో బెట్ట తగిలినా, కాయ సరిగా ఎండకపోయినా ఆ బూజు పడుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. ఆకుపచ్చ, పసుపు బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకుపోయినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయాలి. కాయ గలగలలాడేదాకా ఎండబెట్టి, నేల మీద కాకుండా చెక్కల మీద బస్తాలు పెట్టాలి. మార్కెట్‌కు పది బస్తాలు పంపే ఇంట్లో తినడానికి ఒక బస్తా మంచిది ఉంచుకోవడం నష్టం కాదు.

పది గుంటల లెక్క

ఐదుగురు ఉన్న ఇంట్లో పొద్దున సద్దికి రోజుకు 400 గ్రాముల జొన్నలు అనుకుంటే ఏడాదికి 146 కిలోలు. ఎకరాకు ఆరు నుంచి ఎనిమిది క్వింటాళ్లు దిగుబడి వచ్చే నేలలో పది గుంటలకు 150 నుంచి 200 కిలోలు వస్తాయి. అంటే పది గుంటల యాసంగి జొన్న ఏడాది సద్దికి సరిపోతుంది, చొప్ప అదనం. నల్లరేగడిలో సెప్టెంబరు చివర నుంచి అక్టోబరులోపు విత్తుకోవచ్చు. రకాల గురించి నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అడగండి, మన నేలలకు సరిపడే జొన్న, కంది రకాలు అక్కడి నుంచే వచ్చాయి.

జొన్న ఎందుకు మానేశారని అడిగితే ఎవరైనా చెప్పేది ఒక్కటే, పిట్టలు. ఊరంతా పత్తి ఉన్నప్పుడు ఒక్కరు పది గుంటలు వేస్తే ఊళ్లోని పిట్టలన్నీ అక్కడికే వస్తాయి. ఇది సాకు కాదు, నిజం. పక్కపక్క చేన్ల వాళ్లు నలుగురైదుగురు ఒకేసారి, ఒకే దిక్కున వేసుకుంటే నష్టం పంచుకున్నట్టవుతుంది, కావలి కూడా వంతులేసుకోవచ్చు.

పనిని ఎవరు చేయాలన్న మాట కూడా తేల్చుకోవాలి. ఇంతవరకు చెప్పినదంతా ఇంటి ఆడమనిషి నెత్తిన ఇంకో పని పెట్టడానికే అయితే చెప్పకపోవడమే మంచిది. ఆమె మీతో సమానంగా చేనులో వంగి, వచ్చి రాత్రి వండుతోంది. గింజలు కడిగి ఆరబెట్టడం, గిర్నికి తీసుకుపోవడం, పల్లీలు ఏరడం, పొద్దున పిండి నానబెట్టడం, రాత్రి అంబలి కలుపుతూ నిలబడటం, వీటిలో మగవాళ్లకు చేతకానిది ఏదీ లేదు. మహిళా సంఘం వాళ్లు నలుగురైదుగురు కలిసి ఒకే రోజు సత్తు వేయించుకుంటే కట్టె, సమయం రెండూ మిగులుతాయి. కూలీలను పెట్టుకునేవాళ్లు తొమ్మిదింటికి చాయ్‌తో పాటు గుడాలు పెట్టి చూడండి. ఖర్చు కొద్దిదే, పదకొండు తర్వాత సాళ్లలో పని ఎలా నడుస్తుందో మీరే చూస్తారు.

తొలి ఏకాదశికి చేసిన పిండి సెప్టెంబరు నాటికి అయిపోతుంది. బతుకమ్మ సత్తు రెండో విడత అనుకోండి. అప్పుడే యాసంగి పల్లి విత్తనం కూడా వలుస్తారు. వలిచిన రోజే, విత్తన శుద్ధి మందు కలపకముందే, మంచి గింజ ఐదు కిలోలు వేరే డబ్బాలో పోసి, మూత మీద "తిండికి" అని రాసి పెట్టుకోండి.